పల్లేరు కాయల దారిలో ట్యూబ్‌లెస్ టైర్లు: 14 నెలల తర్వాత నా రివ్యూ

మాది ప్రొద్దుటూరు. నేను రోడ్ బైక్, అంటే సన్న టైర్ల స్పీడు సైకిల్, తొక్కబట్టి ఆరేళ్ళయింది. మన రోడ్లకు ట్యూబ్‌లెస్ టైర్లు, అంటే లోపల ట్యూబు లేని టైర్లు, పనికొస్తాయా అని ఈ మధ్య నలుగురైదుగురు అడిగినారు, ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్తా, పెట్టేసినాక అసలు ముఖ్యమైనది చెప్పలేదే అని గుర్తొస్తాది, అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాస్తున్నా. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం టైర్లు చాలా కంపెనీలు చేస్తాయి, వాటిలో వాటికి ఉండే తేడా కంటే ట్యూబ్ టైరుకూ ట్యూబ్‌లెస్‌కూ ఉండే తేడా, 25 ఎంఎం వెడల్పు టైరుకూ 32 ఎంఎం టైరుకూ ఉండే తేడా చాలా పెద్దది, నేను చెప్పేది దాని గురించే. నావి 700 బై 32, అంటే 32 ఎంఎం వెడల్పువి, ఒక్కోటి నాలుగున్నర వేలు పడింది. 14 నెలల్లో 6,400 కిలోమీటర్లు తిరిగినాయి, దాదాపు అన్నీ కడప, నంద్యాల, అనంతపురం జిల్లాలు ఆనుకునే చోటే. పెన్న నది ఒక పక్క, కుందూ నది ఒక పక్క, మధ్యలో ఎర్రమల కొండలు. ఒక పొద్దులో మూడు జిల్లాల బోర్డులు దాటొచ్చు, అట్లాంటి దారులు.

ముందు పాత టైర్ల సంగతి చెప్పాలి, లేకపోతే ఈ టైర్లు నాకెందుకు ఇంత నచ్చినాయో అర్థం కాదు. సైకిల్ బెంగుళూరులో కొన్నా. 25 ఎంఎం టైర్లు, లోపల మామూలు ట్యూబులు, గాలి 95 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క). హైవే మీద నిజంగానే బాగా పోతాయి. కానీ నేను తొక్కేది జమ్మలమడుగు దాటి పెద్దముడియం వైపు, కొలిమిగుండ్ల వైపు, చెనిక్కాయ చేలూ శనగ చేలూ ఉండే సింగిల్ రోడ్ల మీద. అక్కడ రోడ్డు అంచున ఉండేది మట్టి కాదు, పల్లేరు.

పల్లేరు గురించి మనవాళ్ళకు చెప్పక్కర్లేదు, చిన్నప్పుడు చెప్పుల్లేకుండా చేలో నడిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు. వానలకు నేల మీద పరుచుకుని పాకుతాది, చిన్న చిన్న పసుపు పూలు పూస్తాది. కాయ ఎండినాక ముక్కలుగా విడిపోతాది, ఒక్కో ముక్కకు గట్టి ముళ్ళుంటాయి, నేల మీద ఎట్ల పడినా ఒక ముల్లు పైకే చూస్తా ఉంటాది. గొర్రెల కాళ్ళకు, మన చెప్పులకు, ట్రాక్టర్ టైర్లకు అంటుకుని రోడ్డు మీదికి వస్తాది. నవంబర్ నుంచి మార్చి దాకా దానికి మంచి సీజన్, సైకిల్ తొక్కడానికి కూడా అవే మంచి నెలలు, అదీ బాధ. దీనికి తోడు కంప. చేను చుట్టూ వేసే కంప ట్రాక్టర్‌లో తోలుకుపోతాంటే దారి పొడుగునా రాలుతాది, ఆ ముల్లు పల్లేరు కంటే పొడుగు, టైరులోకి దిగిందంటే ట్యూబు అవతలి గోడ దాకా పోతాది.

నాకు నోట్‌బుక్ రాసే అలవాటు. ట్యూబులతో చివరి 14 నెలల్లో 23 పంక్చర్లు. అందులో ఒక్క రోజువే నాలుగు, ఒక డిసెంబర్ ఆదివారం పెద్దముడియం దాటినాక. నా దగ్గర ఉన్నవి రెండు ట్యూబులు, ఒక ప్యాచ్ కిట్. మూడోది ప్యాచ్ వేసినా, నాలుగోదానికి జిగురు అయిపోయింది. శనగ చేను గట్టు మీద సైకిల్ పడుకోబెట్టి ఆటో కోసం గంటన్నర కూర్చున్నా. ఆ రోజు పొద్దున ఎంత బాగుండిందో ఇప్పటికీ గుర్తుంది, కుందూ మీద మంచు, చలి, రోడ్డు మీద ఒక్క లారీ లేదు, 100 కిలోమీటర్లు చేద్దామని నాలుగింటికి లేచి బయల్దేరినవాణ్ణి 38 దగ్గర ఆగిపోయినా. ఇంటికొచ్చినాక ఆ రాత్రే ట్యూబ్‌లెస్ గురించి చదవడం మొదలుపెట్టినా.

అది ఎట్ల పనిచేస్తాదో సింపుల్‌గా చెప్తా. మోటర్ సైకిల్ ట్యూబ్‌లెస్ లాంటిదే కానీ సైకిల్ టైరు పల్చన కాబట్టి లోపల ఒక తెల్లటి ద్రవం పోస్తారు, సీలెంట్ అంటారు. రబ్బరు పాలు, అందులో సన్నని రేణువులు కలిపి ఉంటాయి. చక్రం తిరిగేటప్పుడు ఇది లోపలంతా పూసుకుంటాది. ముల్లు గుచ్చుకుంటే గాలి ఆ బొక్కలోంచి పోతా ఈ పాలను కూడా తోసుకుపోతాది, బయటి గాలి తగిలి అది గట్టిపడతాది, రేణువులు అడ్డం పడి బొక్క మూసుకుంటాది. పల్లేరు ముల్లు బొక్క ఒక ఎంఎం, మహా అయితే రెండు. దానికి ఈ పద్ధతి అచ్చం సరిపోయింది. నాలుగైదు చుట్లు తిరిగేసరికి బుస్ మనడం ఆగిపోతాది, చాలాసార్లు గుచ్చుకున్న సంగతి కూడా మనకు తెలియదు, ఇంటికొచ్చి కడిగేటప్పుడు తెల్లటి చుక్క కనిపిస్తే అప్పుడు తెలుస్తాది.

బిగించడం మాత్రం తేలిక కాదు. ముందు మీ రిమ్ ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చేదా కాదా చూసుకోండి, అన్నీ పనికిరావు. తర్వాత ఫ్రేమ్‌లో చోటు. బ్రేకు రిమ్‌నే పట్టుకునే పాత రిమ్ బ్రేక్ సైకిళ్ళలో చాలావాటికి 25 దాటితేనే కష్టం, 28 కొన్నింటికి పడతాది, 32 అంటే దాదాపు డిస్క్ బ్రేక్ సైకిల్ ఉండాల్సిందే. ఇది చూసుకోకుండా ఆర్డర్ పెట్టి మా బావ రెండు టైర్లు మళ్ళీ వాపసు పంపినాడు. రిమ్ లోపల టేప్ ఒక్క చోట కూడా ముడత లేకుండా వేయాలి, ముడత ఉంటే అక్కడి నుంచే గాలి పోతా ఉంటాది, రాత్రి నింపితే తెల్లారేసరికి మెత్తగా ఉంటాది. టైరు అంచు రిమ్‌లో కూర్చోవాలంటే ఒక్కసారిగా బోలెడు గాలి పోవాలి. నేను ఇంట్లో ఫ్లోర్ పంపుతో ముప్పావు గంట కొట్టి చేతులు పడిపోయి వదిలేసినా. చివరికి మా వీధి చివర మోటర్ సైకిల్ పంక్చర్ షాపుకు తీసుకుపోతే ఆ పిల్లోడు కంప్రెసర్ పెట్టినాడు, రెండు సెకన్లలో టక్, టక్ అని రెండు శబ్దాలు, కూర్చునేసింది. నింపినందుకు పది రూపాయలు తీసుకున్నాడు. కాబట్టి దీనికని ప్రత్యేకంగా ఖరీదైన పంపు కొనద్దు, మన ఊర్లలో ప్రతి సెంటర్లో కంప్రెసర్ ఉంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. రోడ్ బైక్ వాల్వు సన్నది, మన పంక్చర్ షాపుల్లో గాలి కొట్టే గన్ దానికి పట్టదు. ఇత్తడిది చిన్న అడాప్టర్ దొరుకుతాది, నాలుగైదు పదుల రూపాయలు, గోరంత ఉంటాది. అది బ్యాగులో లేకపోతే కంప్రెసర్ ఎదురుగా ఉన్నా మీరు చేతి పంపే కొట్టాలి. నేను మూడు కొన్నా, ఒకటి సైకిల్‌కే, ఒకటి పర్సులో, మూడోదాని సంగతి తర్వాత చెప్తా.

తొక్కితే ఎట్లుంది అంటే, మొదటి రోజు జమ్మలమడుగు దాకా పోయి వచ్చినా, సైకిల్ మార్చినట్టే అనిపించింది. నా బరువు 74 కిలోలు, ముందు 54 వెనక 58 పీఎస్ఐ పెడతా. 95తో పోతే పల్లెల్లోని సిమెంట్ రోడ్డు అతుకు అతుకుకూ మణికట్టు దాకా కొట్టేది, ఇప్పుడు అది లేదు. కంకర తేలిన రోడ్డు మీద, రాగులో కొర్రలో రోడ్డు మీద ఆరబోసి మనకు వదిలిన ఆ అరమీటరు అంచు మీద కూడా భయం లేకుండా పోవచ్చు. స్పీడు తగ్గుతాదేమో అనుకున్నా. నా నోట్‌బుక్ ప్రకారం గండికోట పోయొచ్చే దారిలో సగటు స్పీడు గంటకు ఒక అర కిలోమీటరు పెరిగింది. టైరు బరువెక్కువే, కానీ గతుకుల మీద సైకిల్ ఎగరకుండా ముందుకు పోతాది, 60 కిలోమీటర్లు తొక్కినాక కూడా నడుము, చేతులు బాగుంటాయి, అక్కడ టైమ్ కలిసొస్తాది.

నాకు ఇష్టమైన చుట్టు ఒకటి చెప్తా, టైర్లకు నిజమైన పరీక్ష అదే. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడి నుంచి 15 కిలోమీటర్లు గండికోట. పెద్ద ఎక్కుడు కాదు, కానీ ఎండలో పోతే చాలు అనిపిస్తాది, దారిలో నీడ తక్కువ. నంది కొండల్లో పుట్టిన పెన్న ఇక్కడ ఎర్రమలను కోసుకుని పోతాది, కోట గోడ వెనక అంచు మీద నిలబడితే ఎర్రటి రాతి గోడల మధ్య కింద నీళ్ళు. చాలామంది ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, మాధవరాయ గుడి, ధాన్యాగారం, జామియా మసీదు ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉంటాయి, సైకిల్ మీద పోతే లోపలి దారి దాకా పోయి అన్నీ చూడొచ్చు. లోపల పరిచిన రాళ్ళ మీద 25 ఎంఎంతో ఎప్పుడూ దిగి నడిచేవాణ్ణి, 32తో నిదానంగా తొక్కుకుంటూనే పోయినా. రాత్రి అక్కడే టూరిజం వాళ్ళ హరిత హోటల్లో ఉండొచ్చు, శనివారం అయితే ముందుగా బుక్ చేసుకోండి.

గండికోట రిజర్వాయర్ వెనక నీళ్ళు నిండినప్పుడు చూస్తే సముద్రం లెక్క ఉంటాది. ఆ నీళ్ళ కింద కొండాపురం వైపు ఊర్లు ఉన్నాయి, ముంపు ఊర్లు. ఒకసారి టీ దగ్గర ఒకాయన చెయ్యి చాపి "అద్దో ఆ తేలే చెట్టు చూడు, దానికి ఈ పక్కన మా ఇల్లు" అని చూపించినాడు. అప్పటి నుంచి ఆ గట్టు మీద పోతే ఒక నిమిషం ఆగకుండా పోలేను.

రెండో రోజు గండికోట నుంచి బెలుం గుహలు, దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు. పొద్దున అయిదున్నరకల్లా బయల్దేరాలి, కొలిమిగుండ్లలో ఉగ్గాని, బజ్జి తిని పదింటికి ముందే గుహల దగ్గర ఉండాలి. బెలుం పొడవు 3,229 మీటర్లు, జనాలకు తెరిచింది 2002లో. లోపల చల్లగా ఉంటాదని అనుకోవద్దు, ఉక్కపోత, తొక్కి పోయినవాళ్ళు ముందు ఒక లీటరు నీళ్ళు తాగి దిగండి. ఇదంతా సున్నపురాయి, వేల ఏళ్ళుగా నీళ్ళు కరిగించి చేసిన గుహ. అదే రాయి గుహ పైన నేల మీద ఏమవుతాదో తెలుసా, నాపరాయి అవుతాది, మన ఇళ్ళలో పరుచుకునే కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ. కొలిమిగుండ్ల చుట్టూ రోడ్డు పక్కన ఎక్కడ చూసినా కోసి పెట్టిన బండలు, వాటి ముక్కలు. ఆ ముక్కలే నా టైరును కోసినాయి.

పోయిన జనవరి. ఎదురుగా బండల లారీ వస్తాంటే నేను రోడ్డు దిగినా. దిగిన చోట బండల ముక్కలు పోసి ఉన్నాయి. వెనక టైరు పక్క గోడకు అరంగుళం కోత పడింది, తెల్లటి సీలెంట్ ఫ్రేమ్ మీద, నా కాళ్ళ మీద, అంతా చిమ్మింది. సీలెంట్ ముల్లు బొక్కకు మందు, కోతకు కాదు. రబ్బరు ప్లగ్ ఒకటి దూర్చినా, పక్క గోడ పల్చన కాబట్టి నిలబడలేదు. సైకిల్ నడిపించుకుంటూ రెండు కిలోమీటర్లు పోతే ఒక లారీ పంక్చర్ షాపు కనిపించింది, రేకుల షెడ్డు, బయట మంచం మీద ఒక పెద్దాయన.

"ఏం నాయనా, యాన్నుంచి వస్తాండావు?"

"ప్రొద్దుటూరు పెద్దాయనా. టైరు కోసుకుంది."

చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసినాడు. "ఇది సూది మాదిరి ఉందే. లోపల ట్యూబు లేదా?" అన్నాడు. నా బ్యాగులో ఒక ట్యూబు ఉంది, దాన్ని వేసుకుని పోదామనుకున్నా. కోత దగ్గర లోపలి వైపు పాత స్కూటర్ ట్యూబు ముక్క జిగురు పెట్టి అతికించినాడు, ట్యూబు ఉబ్బి బయటికి రాకుండా. నేను ట్యూబు దూర్చబోతాంటే చెయ్యి అడ్డం పెట్టినాడు. "ఉండు నాయనా, ముందు ముళ్ళు చూడాల."

ఇది నేను ఎక్కడా చదవని సంగతి, ట్యూబ్‌లెస్ వాడే ప్రతి ఒక్కరికీ ఇక్కడ తెలియాలి. సీలెంట్ బొక్కలు మూస్తాది కానీ ముళ్ళను బయటికి తీయదు. పల్లేరు ముళ్ళు టైరులోనే విరిగి ఉండిపోతాయి, గాలి పోదు కాబట్టి మనకు తెలియదు. అదే టైరులో ట్యూబు వేస్తే ఆ ముళ్ళన్నీ లోపలి వైపు మొనలు పెట్టుకుని ట్యూబు కోసం ఎదురుచూస్తా ఉంటాయి. గాలి కొట్టిన పది నిమిషాలకే పోతాది. పెద్దాయన లేచి రోడ్డు అవతల చేలోకి పోయినాడు, పత్తి చేను, చివరి ఏరుకు మిగిలిన కాయలు ఉన్నాయి, ఒక కాయలోంచి దూది పీక్కొచ్చినాడు. ఆ దూదిని టైరు లోపల చుట్టూ నిదానంగా తుడుస్తా పోయినాడు. ముల్లు మొన ఉన్న చోట దూది పీచు చిక్కుకుంటాది. వేలితో వెతికితే వేలు తెగుతాది, పైగా సగం ముళ్ళు దొరకవు. చిక్కుకున్న చోటల్లా బయటి నుంచి పట్టకారుతో లాగినాడు. ఒక్కోటి లాగి మంచం కోడు పక్కన రేకు మీద వేసినాడు. 17. నేను లెక్కపెట్టినా. 17 ముళ్ళతో నాకు తెలియకుండానే నెలల తరబడి తొక్కినా, ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ టైర్ల గురించి దీనికి మించిన రివ్యూ నేను రాయలేను.

తర్వాత గాలి. ఆయన గన్ నా వాల్వుకు పట్టలేదు, బ్యాగులోంచి ఇత్తడి అడాప్టర్ తీసిచ్చినా. ముప్పై రూపాయలు చాలు అన్నాడు, వంద ఇస్తే ముందు తీసుకోలేదు, మజ్జిగ తెప్పించి తాపిచ్చి ఆ తర్వాత తీసుకున్నాడు. ఆ ట్యూబుతో అవుకు, బనగానపల్లె మీదుగా నంద్యాల చేరినా, ఏమీ కాలేదు. బనగానపల్లె నుంచి పదీ పదిహేను కిలోమీటర్లు పక్కకు పోతే యాగంటి, ఆ రోజు పోలేకపోయినా, మామూలుగా అయితే పుష్కరిణి దగ్గర గంట కూర్చోకుండా రాను. మామిడి సీజన్లో బనగానపల్లె పోతే సైకిల్‌కు వెనక క్యారియర్ లేనందుకు ఏడుపొస్తాది.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, ఇల్లు. హైవే వద్దనుకుంటే కుందూ పక్క ఊర్ల దారులు ఉన్నాయి, కేసీ కెనాల్ తగులుతా ఉంటాది, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వచ్చే కాలువ ఇది, తవ్విన కొత్తలో పడవలు కూడా నడిపినారు. పచ్చటి వరి, కొంగలు, చల్లటి గాలి, ఎర్రమలలో రెండు రోజులు ఎండిన కళ్ళకు మందు. కానీ ఇది నల్లరేగడి. వాన పడిన రోజు ఈ దారిలో దిగొద్దు. రోడ్డు మీదికి ట్రాక్టర్లు తెచ్చిన రేగడి టైరుకు చుట్టుకుని ఫ్రేమ్‌కూ టైరుకూ మధ్య ఉన్న సందు నిండిపోతాది, చక్రం తిరగదు. 32 వేసినాక ఆ సందు ఇంకా తగ్గింది, ఇది పెద్ద టైరుకు ఉన్న నిజమైన నష్టం. ఒకసారి రాజుపాలెం దగ్గర పుల్లతో గీకి గీకి ఒక కిలోమీటరు పోయేసరికి 40 నిమిషాలు పట్టింది.

ఎండ సంగతి. ఇది చాలా ముఖ్యం, చల్లటి దేశాల్లో రాసిన సలహాలు మనకు సరిపోవు. సీలెంట్ మూడు నాలుగు నెలలకు ఒకసారి చూసుకుంటే చాలని డబ్బా మీద ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర 43, 44 డిగ్రీలు, రోడ్డు ఇంకా వేడి, సైకిల్ పెట్టేది రేకుల వరండాలో. ఆరు వారాలకే నీరంతా ఎగిరిపోయి లోపల రబ్బరు ఉండలు, పల్చని పొర మాత్రమే మిగిలినాయి. నాకు తెలియలేదు. మే నెలలో పొద్దున్నే తాడిపత్రి పోయినా, ఊరు దగ్గరకొచ్చినాక ముల్లు దిగింది, బుస్ మంటూనే ఉంది, ఆగలేదు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడి దాకా నడిచి ఆ నీడలో కూర్చుని ట్యూబు వేసుకున్నా, ఎప్పుడూ ఊట ఆరని బుగ్గ పేరు మీద ఉన్న గుడి అది, నా టైరులో మాత్రం చుక్క తడి లేదు. అప్పటి నుంచి వేసవిలో నెలకు ఒకసారి, మిగతా కాలం రెండు నెలలకు ఒకసారి, ఒక్కో టైరుకు 40, 45 మిల్లీలీటర్లు పోస్తా. టైరు విప్పక్కర్లేదు, వాల్వు లోపలి పిన్ను తీసి సిరంజితో పోయొచ్చు. సైకిల్ ఇంటి లోపల పెట్టండి, దానికే సగం ఖర్చు మిగులుతాది. డబ్బా వెయ్యి రూపాయల లెక్కన నాకు ఏడాదికి దగ్గర దగ్గర రెండున్నర వేలు అవుతాంది. ట్యూబులు, ప్యాచులు, ఆటోలు కలిపితే పాత ఖర్చు కూడా అంతే, కొంచెం ఎక్కువే.

ఘాట్ల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. టైర్లతో పాటు వెనక క్యాసెట్, అంటే వెనక చక్రానికి ఉండే పళ్ళచక్రాల గుత్తి, కూడా మార్చినా, 11-28 తీసేసి 11-34 (గుత్తిలో అన్నిటికంటే చిన్నదాని, పెద్దదాని పళ్ళ లెక్క). పెడల్ దగ్గర చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు. పెడల్ నిమిషానికి 60 చుట్లు తిప్పితే వెనక 28 పళ్ళ చక్రం మీద గంటకు తొమ్మిది కిలోమీటర్లు దాటి పోవాలి, వెనక 34 మీద ఏడున్నర దాటితే చాలు. ఆ తేడా చిన్నగా కనిపిస్తాది కానీ కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు, లోడు లారీ మన పక్కనే అదే స్పీడులో మూలుగుతా ఎక్కుతాంటే, మోకాళ్ళకు తెలుస్తాది. పైకి పోయినాక పాలకోవా తినడం తప్పదు, వేడి మీద తీసిన కోవా అయితే నేను పావు కిలో అక్కడే తినేస్తా. దిగేటప్పుడు 32 టైరు విలువ తెలుస్తాది. మలుపుల్లో లారీల నుంచి కారిన డీజిల్, ఇసుక, వాటి మీద సన్నటి టైరు ఎప్పుడు జారుతాదో తెలియదు, ఇది నేలను పట్టుకుని ఉంటాది. అయినా ఘాట్ ఆదివారం తెల్లవారుజామునే పోండి, లారీలు తక్కువ.

అనంతపురం వైపు మాత్రం ఏ టైరూ ఆదుకోదు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ పడమటి గాలి, గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. తాడిపత్రి నుంచి పడమటికి తిరిగితే చదును రోడ్డు మీద కూడా గంటకు 14 కిలోమీటర్లు కష్టం. ఆ నెలల్లో పడమటికి ముందు పోయి వెనక్కి వచ్చేటప్పుడు గాలిని వీపు మీద పెట్టుకోండి, దాహానికి చీనీ రసం, నన్నారి సోడా దొరుకుతాయి.

14 నెలల లెక్క ఇది. ఆగాల్సి వచ్చింది మూడు సార్లు: నాపరాయి కోత, తాడిపత్రిలో ఎండిన సీలెంట్, ఒకసారి వాల్వు లోపల సీలెంట్ గట్టిపడి గాలి ఎక్కలేదు. ట్యూబులతో అదే 14 నెలలకు 23. బ్రెవేలు, అంటే టైమ్ లోపల పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్లు, తొక్కేవాళ్ళకు ఇది ఇంకా బాగా అర్థమవుతాది, 200 కిలోమీటర్లు 13న్నర గంటల్లో పూర్తి చేయాలి, ఒక్కో పంక్చర్‌కు 15 నిమిషాలు పోతే టిఫినుకు టైమ్ మిగలదు. వెనక టైరు నడిమధ్యన చదునైపోయింది, కోత పడినదాన్ని నంద్యాల నుంచి వచ్చినాక లోపల గట్టి ప్యాచ్ వేసి మళ్ళీ ట్యూబ్‌లెస్ చేసినా, ఇంకో వెయ్యి కిలోమీటర్లు రావచ్చు. ముందుది కొత్తదాని లెక్కనే ఉంది.

వారానికి ఒకసారి ఊర్లోనే 20 కిలోమీటర్లు తొక్కేవాళ్ళకు నేను ఇది చెప్పను. వాడకుండా పెడితే సీలెంట్ ఎండుతాది, వాడినా వాడకపోయినా పోయాల్సిందే, బిగించడం గలీజు పని, చేతులకు, గోడకు, బట్టలకు అంతా అంటుకుంటాది, అమ్మోనియా వాసన కొడతాది, మా ఇంట్లో ఆ పని డాబా మీద చేసుకోమన్నారు. సీలెంట్ మన ఊర్లో దొరకదు, బెంగుళూరు నుంచో ఆన్‌లైన్లోనో తెప్పించుకోవాలి, అయిపోకముందే తెప్పించుకోవాలి. కానీ మీరు ఎర్రమలలోకి, కుందూ పక్కకు, పల్లెల సింగిల్ రోడ్లలోకి పోవాలనుకుంటే, అదీ ఒక్కరే పోయే అలవాటు ఉంటే, ఇంకో ఆలోచన లేకుండా తీసుకోండి. బ్యాగులో ఒక మామూలు ట్యూబు, రెండు ప్లగ్గులు, పాత ట్యూబు ముక్క, చిన్న పట్టకారు, ఇత్తడి అడాప్టర్, వీటితో పాటు ఒక చిటికెడు దూది. దూది మర్చిపోవద్దు, అన్ని చోట్లా రోడ్డు పక్కన పత్తి చేను ఉండదు.

మూడో అడాప్టర్ సంగతి చెప్తానన్నా కదా. ఆ రోజు గాలి కొట్టినాక దాన్ని ఆ పెద్దాయన దగ్గరే వదిలేసి వచ్చినా, నా మాదిరి వాళ్ళు వస్తే పనికొస్తాదని. మొన్న ఫిబ్రవరిలో మళ్ళీ బెలుం పోతా షెడ్డు దగ్గర ఆగినా. కంప్రెసర్ పైన మేకుకు ఎర్రదారం కట్టి వేలాడదీసి ఉంది. "సంకురాత్రి సెలవులకు బెంగుళూరు పిల్లోళ్ళు ఇద్దరు వచ్చినారు నాయనా, నీ లాంటి సైకిళ్ళే. దీంతోనే గాలి పట్టినా" అన్నాడు, నా టైర్లు రెండూ బొటనవేలితో నొక్కి చూసి, అడక్కుండానే గన్ తీసుకున్నాడు.